మా గ్రాఫైట్ మిల్లులో కొత్త నూనె: నాలుగు నెలల అనుభవం

ఒడిశాలోని రాయగడ జిల్లాలో మాది చిన్న గ్రాఫైట్ శుద్ధి మిల్లు. అక్కడి ల్యాబు నా పని. ఖోండలైట్ రాళ్ళలో దొరికే ఖనిజాన్ని బాల్ మిల్లులో నూరి, నీళ్ళలో కలిపి, గాలి బుడగలతో తేలుస్తాం. గ్రాఫైటుకు నీళ్ళంటే పడదు; బుడగను పట్టుకుని పైకి వస్తుంది. ఆ పట్టు గట్టిపడడానికి ఇన్నాళ్ళూ డీజిలు, నురుగుకు పైన్ ఆయిల్ వాడాం. నవంబరులో డీజిలుకు బదులు విశాఖ డీలరు దగ్గర మొక్కల నూనెతో చేసిన కలెక్టర్ (ఖనిజానికి బుడగ పట్టు పెంచే మందు) తెప్పించాను.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'జాంథేట్ రహితం' అని ఉంది. ఉప్మాలో ముళ్ళు లేవని గొప్ప చెప్పుకున్నట్టుంది! 1925లో పేటెంటు పొందిన జాంథేట్లు కూడా కలెక్టర్లే, కానీ రాగి, సీసం, జింకు సల్ఫైడు ఖనిజాలకు వాడేవి. అవి విడిపోతే వచ్చే కార్బన్ డైసల్ఫైడ్ నరాలను దెబ్బతీస్తుంది. అక్కడ మానిపిస్తే మెచ్చుకుంటాను. గ్రాఫైటుకు వాటి అవసరమే లేదు.

నిజమైన లాభం వేరు: డీజిలు వాసన పోయింది. షిఫ్టు దిగాక రోజూ తలనొప్పి అనే మా సెల్ (ఖనిజం తేల్చే తొట్టి) ఆపరేటరు ఇప్పుడు ఆ మాట ఎత్తడం లేదు.

డిసెంబరు చలికి నూనె చిక్కబడి గొట్టంలో నిలిచిపోయింది. ఇప్పనూనె గడ్డకట్టడం చూస్తూ పెరిగిన మాకు ఇది ముందే తట్టాల్సింది. ఇప్పుడు డబ్బాను గోరువెచ్చని నీళ్ళలో ఉంచి వాడుతున్నాం. అంతకన్నా పెద్ద చిక్కు బూడిద, అంటే గ్రాఫైటును కాల్చాక మిగిలే మలినం. మొదటి వారం రికవరీ (ఖనిజం నుంచి చేతికొచ్చే గ్రాఫైటు వాటా) పెరిగిందని సంబరపడ్డాం. ఫర్నేసులో కాల్చి చూస్తే బూడిదా పెరిగింది. నూనెలోని కొవ్వు ఆమ్లాలు గ్రాఫైటుతో పాటు సున్నపు ఖనిజాలనూ తేలుస్తాయి. పైగా నురుగు మీగడలా బిగుసుకుని తొట్టిలో కదలలేదు. డోసు బాగా తగ్గించి, అనవసర ఖనిజాలను తేలకుండా అణిచే సోడియం సిలికేట్ కొంచెం పెంచాక దారికి వచ్చింది. ఈ ముక్క డబ్బా మీద లేదు. ఏ గింజ నూనో కూడా లేదు. అడిగితే డీలరు "ప్రకృతి సిద్ధం మేడం" అన్నారు. గన్నేరు పప్పు కూడా ప్రకృతి సిద్ధమే.

ఈ నూనె వాగులో కలిసినా ఫర్వాలేదని కూడా ఆయనే అన్నారు. నమ్మకండి. నూనె కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ తగ్గిపోయి చేపలకు ఊపిరాడదు. మేము మిల్లు వాడిన నీళ్ళు చేరే చెరువు నుంచి వాటిని తిరిగి మిల్లుకే తోడుకుంటున్నాం.

లీటరు ధర డీజిలుకన్నా ఎక్కువే, కానీ డోసు తగ్గడంతో టన్ను లెక్కన తేడా కొంచెమే. మరో 4 డబ్బాలు చెప్పాను, కొవ్వు ఆమ్లాల శాతం చూపే పరీక్ష కాగితం లేకపోతే లారీ దిగనివ్వనని షరతు పెట్టి.