వేలాడే సెడిమెంట్ ట్రాప్: పదకొండేళ్ల వాడకం తర్వాత

బెర్ముడా దగ్గరి సర్గాసో సముద్రంలో పదకొండేళ్లుగా నేను వాడుతున్న సెడిమెంట్ ట్రాప్, అంటే పై నీటి నుంచి రాలే రేణువులను పట్టే ఉచ్చు, చూడడానికి చాలా సాదా పరికరం. 7 సెంటీమీటర్ల వ్యాసం గల ప్లాస్టిక్ గొట్టాలను ఒక చట్రానికి నిలువుగా బిగించి, పైన తేలే బోయాల నుంచి తాడుతో 150, 200, 300 మీటర్ల లోతుల్లో వేలాడదీసి, మూడు రోజుల పాటు ప్రవాహానికి వదిలేస్తాం. గొట్టంలో అదనంగా ఉప్పు, ఫార్మాలిన్ కలిపిన బరువైన నీరు ఉంటుంది. పైనుంచి రాలిన రేణువులు అందులో కుళ్లకుండా నిలుస్తాయి.

ఒకే లోతులోని మూడు గొట్టాలూ, రాలిన రేణువుల్లో దాదాపు ఒకే కర్బన లెక్క చూపడంతో మొదటి ఏళ్లలో దీన్ని పూర్తిగా నమ్మాను. కానీ మూడూ ఒకే అలకు ఊగుతాయి, మూతుల మీదుగా ఒకే ప్రవాహం సాగుతుంది; తప్పితే మూడూ కలిసే తప్పుతాయి. తూకపురాయిలోనే తరుగుంటే మూడుసార్లు తూచినా తరుగే వస్తుంది.

ఆ తూకపురాయిని పరీక్షించేది థోరియం-234 అనే రేడియోధార్మిక మూలకం. సముద్రపు నీటిలో కరిగి ఉండే యురేనియం-238 నుంచి పుట్టి, 24.1 రోజుల అర్ధాయువుతో క్షీణించే ఈ మూలకం రేణువులకు అంటుకుని వాటితోపాటే దిగిపోతుంది కనుక, నీటిలో యురేనియంతో పోలిస్తే అది ఎంత తగ్గిందో కొలిస్తే ట్రాప్‌లో ఎంత పడి ఉండాలో తెలుస్తుంది. పై పొరల ట్రాప్‌లు ఈ లెక్కకు 3 నుంచి 10 రెట్ల దాకా అటో ఇటో తప్పుతున్నాయని సముద్ర రసాయన శాస్త్రవేత్త కెన్ బ్యూసెలర్ 1991లోనే చూపించారు. మా గొట్టాలు కూడా కొన్ని యాత్రల్లో ఆ లెక్క కన్నా బాగా తక్కువే పట్టాయి. అయితే థోరియం చెప్పేది కొన్ని వారాల సగటు, ట్రాప్ చెప్పేది మూడు రోజుల సంగతి. ఒక్క యాత్రలో రెండూ కలవలేదని పరికరాన్ని తిట్టడం న్యాయం కాదు. పైగా నేపథ్య వికిరణాన్ని, అంటే థోరియం-234ది కానిదాన్ని, తీసివేయడానికి అవే నమూనాలను దాదాపు ఆరు నెలలాగి మళ్లీ లెక్కించాలి. ఓపిక లేనివారు ఈ పనికి దిగకపోవడం మేలు.

అన్నిటికన్నా విసిగించేవి తమంతట తామే ఈదుకుంటూ వచ్చి ఫార్మాలిన్‌లో చచ్చే జీవులు. వడపోత కాగితాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, కోపీపాడ్లను (రొయ్యల వర్గపు చిట్టి జీవులను) కాళ్లూ మీసాలూ విరగకుండా సన్నని పట్టకారుతో ఏరేస్తాను. చిక్కంతా టెరోపాడ్ అనే చిట్టి నత్తతోనే: గుల్ల ఖాళీగా ఉంటే రాలిందని ఉంచేస్తాను, లోపల మాంసం ఉంటే ఈది వచ్చిందని తీసేస్తాను, సగం ఉంటే మాత్రం చేయి ఆగిపోతుంది. ఒకసారి కాగితం మీద నారింజ రంగు పెచ్చులు కనిపించాయి. గొట్టాలకు మూతలు పెట్టకుండా డెక్‌పై ఉంచినందుకు రాలిపడిన ఓడ రంగు అది. తప్పు నాదే, ఆ నెల నమూనాలు పారబోశాను.

తాడు లేకుండా అనుకున్న లోతులో తనంతట తాను తేలుతూ, పైకి వచ్చే ముందు మూతలు మూసుకునే ట్రాప్‌లు అలల ఊపునూ, ప్రవాహపు ఒరిపిడినీ చాలావరకు తప్పిస్తాయి. డబ్బుంటే అవే కొనమంటాను. నేను మాత్రం ఈ గొట్టాలనే వాడుతున్నాను. ఏం రాలిందో చూడడానికి వీటిని నమ్ముతాను; ఎంత రాలిందో చెప్పవలసి వస్తే, పక్కన థోరియం అంకె లేకుండా పట్టికలో రాయను.