కాలేజీ కోచ్ మేలా, కాలేజీ పద్ధతి మేలా?

1997 అక్టోబర్ 31 రాత్రి అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో బోస్టన్ సెల్టిక్స్ జట్టు సొంతగడ్డ మీద షికాగో బుల్స్‌ను 92-85తో ఓడించింది. అంతకుముందు సీజన్‌లో 67 మ్యాచ్‌లు ఓడిన జట్టు అది. ఓడించింది డిఫెండింగ్ చాంపియన్‌ను. గాయం వల్ల స్కాటీ పిపెన్ ఆడని మాట నిజమే, అయినా అటువైపు ఉన్నది మైకేల్ జోర్డాన్. సెల్టిక్స్ కొత్త కోచ్ రిక్ పిటినో 1996లో కెంటకీ విశ్వవిద్యాలయానికి ఎన్‌సీఏఏ (కాలేజీ బాస్కెట్‌బాల్) టైటిల్ సాధించిపెట్టి వచ్చినవాడు. వస్తూ తన అస్త్రం ఫుల్‌కోర్ట్ ప్రెస్‌ను, అంటే కోర్టు పొడవునా ప్రత్యర్థిని వెంటాడే డిఫెన్స్‌ను, వెంట తెచ్చుకున్నాడు. 2001 జనవరిలో రాజీనామా చేసేనాటికి అతని లెక్క 102 గెలుపులు, 146 ఓటములు. ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు.

కాలేజీ పద్ధతులు ఎన్‌బీఏలో చెల్లవని వాదించేవాళ్లు మొదట ఎత్తేది ఈ కథే. ఆ తీర్పుతో నాకు పేచీ ఉంది. బోస్టన్‌లో విఫలమైనవి రెండు: ఒక పద్ధతి, దాన్ని నడిపిన అధికారం. వాటిని విడదీసి చూడకపోతే అసలు సంగతి చేజారిపోతుంది. ఎన్‌బీఏ జట్టు ముందు నిజానికి మూడు దారులున్నాయి: కాలేజీ కోచ్‌కు పగ్గాలన్నీ అప్పగించడం, అతని పద్ధతిని మాత్రమే తెచ్చుకోవడం, లేదా కోచ్‌ను తెచ్చుకుని పాత పద్ధతిని పక్కన పెట్టించడం.

మొదటి దారిలో చిక్కు ఎక్కడుందో ప్రెస్‌లోనే కనిపిస్తుంది. బాస్కెట్ పడగానే ప్రత్యర్థి బేస్‌లైన్ అవతలి నుంచి బంతి విసురుతాడు. అందుకున్నవాడి మీదకు ఇద్దరు దూసుకొచ్చి సైడ్‌లైన్ వైపు మూలకు నెడతారు. పంతొమ్మిదేళ్ల కుర్రాడైతే కంగారుపడి బంతి పారేసుకుంటాడు. ఎన్‌బీఏ గార్డు మాత్రం ఒక్క డ్రిబుల్ వెనక్కి వేసి, ఇద్దరి తలల మీదుగా మధ్యలోకి పాస్ ఇస్తాడు. అంతే, అటు నలుగురు, ఇటు ముగ్గురు. పైగా కాలేజీ జట్టు ఏడాదికి ఆడేది సుమారు 35 మ్యాచ్‌లు, ఒక్కోటి 40 నిమిషాలు. ఎన్‌బీఏలో 82 మ్యాచ్‌లు, 48 నిమిషాలు, కొన్నిసార్లు వరుస రాత్రుల్లో. అంత పరుగుకు ఏ కాళ్లూ నిలవవు. న్యాయంగా ఒక మాట చెప్పాలి: ఇదే పిటినో ఇదే ప్రెస్‌తో 1988-89లో న్యూయార్క్ నిక్స్‌ను 52 గెలుపుల దాకా నడిపించాడు. అయితే అక్కడ అతను కోచ్ మాత్రమే. బోస్టన్‌లో జట్టు అధ్యక్ష పదవి కూడా అతనిదే. ఆ అధికారంతోనే చాన్సీ బిలప్స్‌ను 51 మ్యాచ్‌లకే వదిలేసుకున్నాడు. అదే బిలప్స్ 2004లో డెట్రాయిట్ తరఫున ఫైనల్స్ ఉత్తమ ఆటగాడయ్యాడు. కాలేజీలో ఆటగాణ్ని ఎంచుకునేది కోచే, ఆడించేది, కూర్చోబెట్టేది కోచే. ఎన్‌బీఏ స్టార్‌కు గ్యారంటీ ఒప్పందం ఉంటుంది. కోచ్ మారినా అతను ఉంటాడు. మిషిగన్‌ను రెండుసార్లు కాలేజీ ఫైనల్‌కు చేర్చిన జాన్ బీలైన్ 2019లో క్లీవ్‌లాండ్‌కు వచ్చి, 54 మ్యాచ్‌లలో 14 గెలిచి, ఆ సీజన్ ముగియకముందే వెళ్లిపోయాడు.

రెండో దారి గురించి చెప్పాలంటే నాకు ఉత్సాహం ఆగదు. పీట్ క్యారిల్ ప్రిన్స్‌టన్‌లో 29 ఏళ్లు కోచ్. అథ్లెటిక్ స్కాలర్‌షిప్‌లు లేని ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాల్లో మెరికల్లాంటి ఆటగాళ్లు దొరకరు కాబట్టి, ఆయన బుర్రతో ఆడే ఆటను కట్టారు. సెంటర్ (మామూలుగా జట్టులో ఎత్తైనవాడు) బాస్కెట్ కింద కాకుండా ఫ్రీ త్రో గీత దాపున బంతి పట్టుకుని నిలబడతాడు. పక్కవైపు ఉన్న ఆటగాడు బంతి కోసం ముందుకు అడుగేస్తాడు. డిఫెండర్ అడ్డుపడటానికి తానూ ముందుకు వస్తాడు. ఆ క్షణంలోనే ఆటగాడు గిరుక్కున తిరిగి అతని వెనకనుంచి బాస్కెట్ వైపు దూసుకుపోతాడు, సెంటర్ నేలబారు పాస్ వేస్తాడు. బ్యాక్‌డోర్ కట్ అంటే ఇదే. 1996 మార్చిలో డిఫెండింగ్ చాంపియన్ యూసీఎల్‌ఏను ప్రిన్స్‌టన్ 43-41తో ఓడించింది సరిగ్గా ఈ కట్‌తోనే, చివరి క్షణాల్లో.

ఆ ఏడాదే క్యారిల్ శాక్రమెంటో కింగ్స్‌లో అసిస్టెంట్‌గా చేరారు. హెడ్ కోచ్‌గా కాదు, అది గమనించాలి. 1998లో రిక్ అడెల్మన్ హెడ్ కోచ్‌గా వచ్చాక, చేయి తిరిగిన పాస్‌లు వేయగల వ్లాడే డివాచ్, క్రిస్ వెబర్ దొరికాక ఆ కట్‌లకు ప్రాణం వచ్చింది. ప్రిన్స్‌టన్ నిదానాన్ని మాత్రం తీసుకోలేదు, 24 సెకన్లలో షాట్ వేసి తీరాలనే షాట్ క్లాక్ దాన్ని సాగనివ్వదు కూడా. 43 పాయింట్లతో గెలిచిన ఆట మూలం అదే అయినా, 1999-2000లో కింగ్స్ సగటున 105 పాయింట్లతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది. 2001-02లో 61 మ్యాచ్‌లు గెలిచి, వెస్ట్ ఫైనల్‌లో (లీగ్ పశ్చిమ విభాగం ఫైనల్) లాస్ ఏంజెలెస్ లేకర్స్ చేతిలో ఏడో మ్యాచ్ దాకా పోరాడి ఓడింది.

టెక్స్ వింటర్ కథ ఇంకా గట్టి సాక్ష్యం. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ట్రయాంగిల్ అఫెన్స్‌ను (ముగ్గురు త్రిభుజంలా నిలబడి పాస్‌లతో నడిపే దాడి) తీర్చిదిద్దిన ఆయన, 1971లో హ్యూస్టన్ రాకెట్స్‌కు స్వయంగా హెడ్ కోచ్ అయ్యారు. 51 గెలిచి, 78 ఓడి, రెండో సీజన్ మధ్యలోనే పదవి పోగొట్టుకున్నారు. తర్వాత 63 ఏళ్ల వయసులో బుల్స్‌లో అసిస్టెంట్‌గా చేరారు. 1989లో హెడ్ కోచ్ అయిన ఫిల్ జాక్సన్ ఆ ట్రయాంగిల్‌నే పట్టుకున్నాడు: షికాగోలో ఆరు టైటిళ్లు, లాస్ ఏంజెలెస్‌లో ఐదు. పద్ధతి అదే, మనిషీ వింటరే, కుర్చీ మారింది. ఆటగాళ్లు కూడా మారారు, కాదనను. జోర్డాన్, పిపెన్ ఉంటే సగం పని అయినట్లే. మరి 2012లో లేకర్స్ క్యారిల్ కట్టిన ప్రిన్స్‌టన్ అఫెన్స్‌ను నెత్తికెత్తుకుని, ఐదింటిలో నాలుగు ఓడి, కోచ్ మైక్ బ్రౌన్‌ను సాగనంపింది. పిక్ అండ్ రోల్‌లో (సహచరుడు డిఫెండర్‌కు అడ్డు నిలిచి, ఆపై బాస్కెట్ వైపు కదిలే ఎత్తు) ఆరితేరిన స్టీవ్ నాష్ చేతిలోంచి బంతి తీసేస్తే ఇంకేం జరుగుతుంది?

మూడో దారిలో బ్రాడ్ స్టీవెన్స్ కనిపిస్తాడు. చిన్న బట్లర్ విశ్వవిద్యాలయాన్ని 2010, 2011ల్లో వరుసగా కాలేజీ ఫైనల్‌కు చేర్చి, 2013లో బోస్టన్‌కు వచ్చాడు. తొలి సీజన్‌లో 25 గెలుపులే. యాజమాన్యం ఓపిక పట్టింది, ఆటగాళ్ల నిర్ణయాలు మరొకరు చూసుకున్నారు, ఉన్నవాళ్లను బట్టి అతను ఆటను మార్చుకుంటూ పోయాడు. మూడుసార్లు ఈస్ట్ (తూర్పు విభాగం) ఫైనల్ చేరాడు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బిల్లీ డొనోవన్ కూడా ఓక్లహోమాలో మొదటి ఏడాదే 55 గెలిచాడు. లారీ బ్రౌన్‌ను ఈ జాబితాలో చేర్చను. కాలేజీ, ఎన్‌బీఏ టైటిళ్లు రెండూ గెలిచిన ఏకైక కోచ్ ఆయనే, కానీ కాన్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్లక ముందే ప్రొఫెషనల్ ఆటలో కోచ్‌గా ఉన్నవాడు.

నన్నడిగితే రెండో దారికే ఓటు. స్టీవెన్స్ లాంటివాడు దొరకడం అరుదు, దొరికినా అంత ఓపిక చూపే యాజమాన్యం ఇంకా అరుదు. 2023లో డెన్వర్ టైటిల్ గెలిచిన ఫైనల్స్‌ను ఇక్కడ తెల్లవారుజామున లేచి చూసినవాళ్లు గుర్తు చేసుకోండి: ఫ్రీ త్రో గీత మూలన డెన్వర్ సెంటర్ యోకిచ్ బంతిని తల మీద పట్టుకుని నిలబడతాడు, సహచరుడు ఆరన్ గోర్డన్ డిఫెండర్ వెనకనుంచి జారుకుంటాడు, పాస్ వచ్చేసరికి బాస్కెట్ కింద అతనొక్కడే ఉంటాడు.