కొత్త మిర్రర్‌లెస్ కొంటున్నారా? పెట్టె మీది సీలును నమ్మకండి

కొత్తదని బిల్లు రాసి వాడేసిన మిర్రర్‌లెస్ కెమెరాను (లోపల అద్దం లేని, లెన్స్ మార్చుకోగల కెమెరాను) అంటగట్టేవాళ్లున్నారు. ఈ హెచ్చరికకు కారణమైన బాడీ, అంటే లెన్స్ కాకుండా మిగతా కెమెరా, అలాంటిదే. పెట్టెకు వేసిన టేపు చెక్కుచెదరలేదు, వెనక స్క్రీన్ మీద పల్చటి ఫిల్మ్ కూడా అలాగే ఉంది. కానీ ఫార్మాట్ చేసిన ఖాళీ కార్డు పెట్టి తీసిన మొదటి ఫోటో నంబరు నాలుగు వేలు దాటి ఉంది. లెన్స్ రంధ్రాన్ని (ఎపర్చర్) ఎఫ్/16 దాకా చిన్నది చేసి తెల్లటి గోడను తీస్తే, చిత్రాన్ని పట్టే సెన్సర్‌ను ఎవరో తుడిచిన చారలు బయటపడ్డాయి. "సీలు విప్పారు కాబట్టి వాపసు తీసుకోం" అన్న అమ్మకందారు మాట మార్చుకున్నది ఆ ఫైళ్లు చూశాకే.

అందుకని కెమెరా చేతికి రాగానే మంచి ఫోటోల కోసం బయల్దేరకండి. ముందు ఒక పూట పరీక్షలకు కేటాయించండి. వాపసు గడువు చాలాచోట్ల కొద్ది రోజులే. అది దాటితే సమస్య వారంటీలోకి వెళ్తుంది. అప్పుడు మీకు దక్కేది మరమ్మతే, మార్పిడి కాదు.

పెట్టె విప్పేటప్పుడే ఫోన్‌తో వీడియో తీయండి. మధ్యలో ఎక్కడా ఆపకుండా ఒకే షాట్‌గా రావాలి. పెట్టె మీది సీరియల్ నంబరు, టేపు, లోపలి కవర్లు, బాడీ అడుగున ఉన్న నంబరు వరసగా కనిపించాలి. కొన్ని కంపెనీలు పెట్టెకు అసలు సీలే వేయవు, కాబట్టి సీలు లేనంత మాత్రాన అనుమానించక్కర్లేదు. ఉన్నంత మాత్రాన నమ్మనూ వద్దు, పారదర్శక టేపు ఎవరైనా అంటించగలరు. చూడాల్సింది నంబర్లు. పెట్టె మీద, బాడీ మీద, వారంటీ కార్డు మీద సీరియల్ ఒకటే ఉండాలి. బిల్లులో కూడా అదే నంబరు రాయించుకోండి. నంబరు లేని బిల్లు పట్టుకుని "మీరిచ్చింది ఈ కెమెరానే" అని నిరూపించడం కష్టం.

బ్యాటరీ పెట్టి ఆన్ చేయగానే కొత్త కెమెరా భాష, తేదీ, సమయం అడుగుతుంది. అడగకుండా నేరుగా షూటింగ్ స్క్రీన్ వచ్చిందంటే ఎవరో ముందే ఆన్ చేశారు. షాపువాళ్లు మీ ఎదుటే చూపించి ఉంటే సరే, లేకపోతే కారణం అడగండి. అలాగని కెమెరా ఇవన్నీ అడిగినంత మాత్రాన కొత్తదని కాదు. రీసెట్ చేసినా, లోపలి గడియారం బ్యాటరీ పూర్తిగా దిగిపోయినా మళ్లీ అడిగే కెమెరాలున్నాయి. ఈ పరీక్షలన్నీ ఇంతే: వాడినట్టు తేలితే అది ఆధారం, తేలకపోతే ఏమీ తేలనట్టే. అందుకే ఒక్కదానితో ఆగిపోకూడదు. మెనూలో కాపీరైట్ సమాచారం అనే చోట కూడా ఒకసారి చూడండి. సెట్టింగులన్నీ చెరిపేసి అక్కడ తమ పేరు వదిలేసేవాళ్లు ఉంటారు.

ఫైలు నంబరు విషయంలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఇంట్లో ఉన్న పాత కార్డును, అందులో పాత ఫోటోలు ఉండగానే పెట్టి నొక్కేస్తారు. చాలా కెమెరాలు కార్డులో అప్పటికే ఉన్న పెద్ద నంబరును అందుకుని అక్కడి నుంచి లెక్క కొనసాగిస్తాయి. అలా వచ్చిన 4000 కెమెరాది కాదు, కార్డుది. దాన్ని చూపించి గొడవపడితే అమ్మినవాళ్లు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. ముందు కార్డును ఈ కెమెరాలోనే ఫార్మాట్ చేసి, ఆ తర్వాతే మొదటి ఫోటో తీయండి. నంబరు పెద్దదిగా ఉంటే వాడినట్టే. 1 నుంచి మొదలైతే మాత్రం మురిసిపోకండి, మెనూలో లెక్క మొదటికి తేవడం క్షణాల పని.

షట్టర్ కౌంట్, అంటే షట్టర్ ఎన్నిసార్లు పడిందన్న లెక్క, దీనికంటే గట్టి ఆధారం. కంప్యూటర్‌లో ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంతో అసలు ఫైలును తెరిస్తే నికాన్ కెమెరాల్లో షట్టర్ కౌంట్ కనిపిస్తుంది. నికాన్ మిర్రర్‌లెస్ వరస అయిన జెడ్‌లో కొన్ని బాడీలకు మెకానికల్ షట్టర్ (నిజంగా కదిలే తెర) లెక్క విడిగా కూడా ఉంటుంది. సోనీలో చాలా మోడళ్లకు వస్తుంది. కెనాన్ ఎక్కువ మోడళ్లలో ఆ సంఖ్యను ఫైల్లో రాయదు. ఫ్యాక్టరీ పరీక్షల వల్ల కొద్దిపాటి అంకె ఉంటే కంగారు పడనక్కర్లేదు, వందలు దాటితే అడగాల్సిందే. ఇందులో మిర్రర్‌లెస్‌కే ఉన్న ఒక మెలిక ఉంది. తెర కదలకుండా సెన్సరే పని చేసే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసినవి మెకానికల్ లెక్కలోకి రావు, వీడియో గంటలు అసలే రావు. నెలల తరబడి వీడియోకే వాడిన బాడీ షట్టర్ లెక్కలో కొత్తదానిలా కనిపించగలదు.

అప్పుడు కళ్లే దిక్కు. టార్చ్ వెలుతురులో పైన ఫ్లాష్ తగిలించే హాట్ షూ పట్టాలు చూడండి. మైక్ గానీ ఫ్లాష్ గానీ ఎక్కించి దించితే రంగు లేచి లోహం మెరుస్తుంది. అడుగున ట్రైపాడ్ బిగించే మర అంచు, చుట్టూ ప్లేట్ వేసిన ముద్ర, కంటి దగ్గరి రబ్బరు మడతల్లో దుమ్ము, హెచ్‌డీఎంఐ పోర్టు చుట్టూ గీతలు, ఇవన్నీ వీడియో వాడకాన్ని పట్టిస్తాయి. లెన్స్ తగిలించే మౌంట్ రింగు మీద ఒకటి రెండు పల్చటి గీతలు లెన్స్ ఒక్కసారి తిప్పినా పడతాయి, వాటిని లెక్కలోకి తీసుకోకండి. బ్యాటరీ సమాచారం చూపించే కెమెరా అయితే అదీ చూడండి. నికాన్‌లో బ్యాటరీ వయసు 0 నుంచి 4 దాకా ఉంటుంది, కొత్తదానికి 0 రావాలి. కెనాన్‌లో రీచార్జ్ సామర్థ్యానికి మూడు గళ్లు, కొత్తదానికి మూడూ పచ్చగా ఉండాలి.

సెన్సర్ పరీక్షను మాత్రం ఎవరూ దాటవేయొద్దు. మిర్రర్‌లెస్‌లో సెన్సర్ మౌంట్‌కు బాగా దగ్గర: నికాన్ జెడ్‌లో 16 మిల్లీమీటర్లు, సోనీ ఈ మౌంట్‌లో 18, కెనాన్ ఆర్ఎఫ్‌లో 20. అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్ కెమెరాల మౌంట్లయిన కెనాన్ ఈఎఫ్‌లో 44, నికాన్ ఎఫ్‌లో 46.5 ఉండేది, పైగా మధ్యలో అద్దం, మూసిన షట్టర్ అడ్డుండేవి. ఇక్కడ లెన్స్ తీయగానే చాలా కెమెరాల్లో సెన్సర్ గాలికి తెరుచుకుని ఉంటుంది. షాపులో నాలుగు లెన్సులు మార్చి చూపించిన డెమో కెమెరా అయితే దాని మీద జాడలు ఉండే అవకాశం ఎక్కువ.

పరీక్ష ఇలా చేయండి. ఎపర్చర్ ప్రయారిటీ మోడ్ (ఎపర్చర్ మీరు పెడితే షట్టర్ వేగం కెమెరా చూసుకునేది), ఎఫ్/16 లేదా ఎఫ్/22, ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే స్థాయి) 100, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 1. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి ఎదురుగా ఉన్నది పూర్తిగా మసకబారేలా తిప్పండి. తెల్లటి గోడ గానీ కంప్యూటర్‌లో ఖాళీ తెల్ల స్క్రీన్ గానీ ఫ్రేమంతా నిండాలి. షట్టర్ నెమ్మదిగా పడుతుంటే కెమెరాను కొద్దిగా కదపండి. గోడ మీది మచ్చలు చెరిగిపోతాయి, సెన్సర్ మీదివి కదలవు. ఆ ఫైలును కంప్యూటర్‌లో తెరిచి కాంట్రాస్ట్ బాగా పెంచి చూడండి. ఎఫ్/2.8 దగ్గర ఈ మచ్చలు కనపడవు. దుమ్ము కూర్చునేది సెన్సర్ మీద కాదు, దాని ముందున్న గాజు పొర మీద. ఎపర్చర్ చిన్నదైతేనే దాని నీడ గట్టిగా పడుతుంది.

రెండు మూడు బూడిద రంగు చుక్కలు కొత్త కెమెరాలోనూ ఉండొచ్చు. సెన్సర్ క్లీనింగ్ ఆప్షన్ ఒకటి రెండుసార్లు నడిపితే పోతే అది మామూలు దుమ్ము. పోకుండా ఉంగరాల్లా అంచులున్న గుండ్రటి మచ్చలు నూనెవి గానీ తేమవి గానీ అయ్యే అవకాశం ఎక్కువ. ఒకే దిక్కుకు సాగిన చారలు ద్రవం పెట్టి తుడిచిన గుర్తులు. చివరి రెండూ కొత్త సరుకులో ఉండకూడదు. కనిపించాయని మీరు తుడవబోయారో, ఆధారం పోతుంది. పైగా ఆ తర్వాత ఏ గీత కనిపించినా అది మీరే చేసిందంటారు. ఎయిర్ స్ప్రే డబ్బా అసలే వద్దు. అందులోంచి చిమ్మే ద్రవం గాజు మీద మరక వేస్తుంది.

తర్వాత హాట్ పిక్సెల్స్, అంటే చీకట్లోనూ వెలిగే సెన్సర్ చుక్కలు. లెన్స్‌కు మూత పెట్టి, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేసి, 1/60, 1 సెకను, 30 సెకన్ల దగ్గర రా ఫైళ్లు (కెమెరా సవరించని ఫైళ్లు) తీయండి. 30 సెకన్లకు రంగు చుక్కలు రావడం సహజం, దాన్ని పట్టుకుని ఫిర్యాదు చేయకండి. తక్కువ ఐఎస్ఓలో 1/60కే ఒకే చోట చుక్క వస్తుంటే అది లోపం. మెనూలో చెడిన చుక్కలను కప్పిపెట్టే పిక్సెల్ మ్యాపింగ్ ఉంటే నడపండి, అప్పటికీ పోకపోతే వెనక్కి పంపండి. చుక్క స్క్రీన్‌దా సెన్సర్‌దా తెలియకపోతే ఫోటోను జూమ్ చేయండి. చిత్రంతోపాటు జరిగితే సెన్సర్‌ది, ఉన్నచోటే ఉంటే స్క్రీన్‌ది.

కెమెరాతో వచ్చే కిట్ లెన్స్‌లో ఎక్కువగా దొరికే జబ్బు లోపలి గాజు పక్కకు ఒరిగి ఉండటం. ట్రైపాడ్ మీద, స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దేది) ఆపి, 2 సెకన్ల టైమర్ పెట్టి, ఎపర్చర్ పూర్తిగా తెరవండి. దూరంగా ఉన్న ఒకే వస్తువును ఫ్రేమ్ నాలుగు మూలల్లోకీ ఒక్కోసారి తెచ్చి తీయండి. జూమ్ లెన్స్ అయితే మొదట్లో, మధ్యలో, చివర్లో మూడుసార్లు. నాలుగు మూలలూ ఒకేలా మెత్తగా ఉంటే ఆ లెన్స్ తయారీయే అంత. ఒక్క మూల లేదా ఒక్క పక్క మాత్రమే మసకైతే మార్చమనండి. రా ఫైలును కరెక్షన్లు లేకుండా తెరిస్తే మూలలు నల్లబడి గీతలు వంగి కనిపించడం చాలా మిర్రర్‌లెస్ లెన్సుల్లో మామూలే. వాటిని సాఫ్ట్‌వేర్ సరిచేస్తుందన్న లెక్కతోనే తయారుచేశారు. "ఫోకస్ ముందుకీ వెనక్కీ పోతోందా, సర్వీసులో క్యాలిబ్రేట్ చేయిద్దాం" అని ఎవరైనా గడువు దాటించబోతే ఒప్పుకోకండి. అది అద్దం కెమెరాల సమస్య. ఇక్కడ ఫోకస్ కొలిచేది సెన్సరే.

లోపం కాని వాటికి భయపడి వెనక్కి పంపేవాళ్లూ తక్కువేం లేరు. ఆఫ్‌లో ఉన్న బాడీని ఊపితే లోపల టకటకమనడం చాలా మోడళ్లలో స్టెబిలైజేషన్ ఉన్న సెన్సర్ వదులుగా తేలుతున్న చప్పుడు, ఆన్ చేస్తే ఆగిపోతుంది. ఎల్ఈడీ లైట్ల కింద ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే అడ్డ చారలు రావచ్చు. సెన్సర్ వరసవరసగా చదివేలోపు దీపం మిణుకుతుంది కాబట్టి. మెకానికల్ షట్టర్‌కు మారి, 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట 1/50 లేదా 1/100 పెట్టి చూడండి.

వేరే దేశం కోసం తయారైన సరుకు ఇంకో ఉచ్చు. కెమెరా నిజంగా కొత్తదే, కానీ మీ దేశంలో వారంటీ ఉండదు. జపాన్ మార్కెట్ కోసం వచ్చిన కొన్ని సోనీ బాడీల్లో మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, మార్చే వీలుండదు. ఫిల్మ్ పీకకముందే సీరియల్ నంబరును కంపెనీ సర్వీసు కేంద్రానికి చెప్పి వారంటీ మీకు వర్తిస్తుందో లేదో అడగండి. షాపు ఇచ్చే "మా సొంత వారంటీ" కాగితం కంపెనీ వారంటీ కాదు. లెన్స్ తెల్లటి పెట్టెలో వచ్చిందంటే కిట్‌లోంచి విడదీసి అమ్మిందన్నమాట. గాజు మంచిదే కావచ్చు, దానికి వారంటీ ఉందో లేదో మాత్రం రాతలో తీసుకోండి.

ఉచితంగా ఇచ్చే కార్డును, రెండో బ్యాటరీని నమ్మి పరీక్షలు చేయకండి. నకిలీ కార్డు వల్ల ఆగిపోయిన వీడియోకు నింద కెమెరా మీద పడుతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లేదా ఎఫ్3 ప్రోగ్రాంతో కార్డును నిండా రాసి చదివించి చూడండి. 64 జీబీ కార్డు కంప్యూటర్‌లో 59 చిల్లర చూపించడం మోసం కాదు, లెక్కించే పద్ధతి వేరు. కార్డు మీద వీ30 అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు నిలకడగా రాయగలదని. దాని కంటే పెద్దగా అచ్చేసిన అంకె సాధారణంగా చదివే వేగం, వీడియోకు అది పనికిరాదు.

తేడా కనిపిస్తే ఫిర్యాదును ఫోన్‌లో కాకుండా రాతలో పెట్టండి. సీరియల్ నంబరు, బిల్లు తేదీ, పరీక్ష ఏ సెట్టింగులతో చేశారో రాసి, అసలు ఫైళ్లు జతచేయండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఫైలు కుదించుకుపోయి లోపలి సమాచారమంతా ఊడిపోతుంది, షట్టర్ కౌంట్ అడ్రసు ఉండదు. డాక్యుమెంట్‌గా గానీ ఈమెయిల్‌లో గానీ పంపండి. జవాబు వచ్చేదాకా ఆ బాడీతో ఇంకో ఫోటో తీయకండి. ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) కూడా అప్‌డేట్ చేయకండి.