న్యూపోర్ట్ మేడల్లో నాన్నకు నచ్చిన బొగ్గు గది

సింగరేణిలో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరైన మా నాన్నకు అమెరికాలో ఏం చూపించినా ఒకటే మాట: "బాగుంది." నయాగరాకూ అదే, టైమ్స్ స్క్వేర్‌కూ అదే. అమ్మకు మాత్రం ఇళ్లు చూడటం ఇష్టం. అందుకే ఈసారి రోడ్ ఐలాండ్‌లోని న్యూపోర్ట్‌కి రెండు రాత్రులు వెళ్లొచ్చాం. వందేళ్ల కిందట న్యూయార్క్ కోటీశ్వరులు వేసవికి కట్టుకున్న మేడలున్న ఊరది. వాటిని వాళ్లు 'కాటేజీలు' అనేవారట. అంత డబ్బుకు ఆ మాత్రం వినయం సరిపోతుందేమో!

మేముండే న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి నాలుగు గంటలు అని మ్యాపు చెప్పింది. కనెక్టికట్ ట్రాఫిక్ పుణ్యమా అని ఆరు పట్టింది.

ముందు బస సంగతి. ఫొటోలు చూసి మోజుపడి, ఊరి మధ్యలో ఒక పాతకాలపు ఇంట్లో గది బుక్ చేశాను. తీరా వెళ్తే మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెట్లు నిచ్చెనలా ఉన్నాయి. అమ్మ మోకాళ్ల సంగతి చెప్పి కింద గది అడిగితే ఖాళీ లేదన్నారు, డబ్బు వెనక్కి ఇవ్వం అన్నారు. ఆ రాత్రి ఎలాగో గడిపి, మర్నాడు పక్క ఊరు మిడిల్‌టౌన్‌లో మోటెల్‌కి మారాం. అద్దె దాదాపు సగం. కింది అంతస్తు, ఫ్రిజ్, మైక్రోవేవ్, గది ముందే పార్కింగ్. పెద్దవాళ్లతో వెళ్తే నేరుగా మిడిల్‌టౌన్‌లోనే దిగండి. కారు తీయడం ఇష్టం లేకపోతే మేడలున్న బెల్‌వ్యూ అవెన్యూ మీదుగా 67 నంబరు సిటీ బస్సు తిరుగుతుంది.

టికెట్లు విడివిడిగా కంటే రెండు మూడు ఇళ్లకు కలిపి తీసుకుంటే చవక. ఒక్క రోజులో మూడు చూడొచ్చు కానీ, మూడో ఇంటికొచ్చేసరికి పాలరాయి మీద విసుగు పుడుతుంది. రోజుకు రెండు చాలు.

మొదట బ్రేకర్స్. స్టీమర్లు, రైళ్లతో డబ్బు గడించిన కార్నీలియస్ వాండర్‌బిల్ట్ మనవడు, అదే పేరున్న రెండో కార్నీలియస్ 1895లో పూర్తి చేయించాడు. 70 గదులు. అంతకుముందు అక్కడున్న చెక్క ఇల్లు 1892లో కాలిపోవడంతో భయపడి, ఈసారి రాయి, ఉక్కుతో కట్టించి బాయిలర్‌ని కూడా ఇంటికి దూరంగా పెట్టించాడు. ఇంత చేసి, మరుసటి ఏడాదే పక్షవాతం వచ్చింది, 1899లో పోయాడు. ఫోన్‌లో వినిపించే ఆడియో బాగుంది, ఇయర్‌ఫోన్లు మర్చిపోకండి. నేను విని అమ్మకు తెలుగులో చెప్తూ వెళ్లాను. స్నానాల తొట్టిలో మంచినీళ్లతో పాటు సముద్రపు నీళ్లకూ వేడివి, చల్లవి వేరే కుళాయిలున్నాయంటే అమ్మ కిటికీలోంచి బయటికి చూసి, "సముద్రం అక్కడే ఉందిగా?" అంది. జనం మాత్రం తిరునాళ్లే. పొద్దున తెరవగానే వెళ్లాలి.

మార్బుల్ హౌస్ చిన్నదే, కథ పెద్దది. కార్నీలియస్ తమ్ముడు విలియం తన భార్య ఆల్వాకు 39వ పుట్టినరోజు కానుకగా ఇచ్చిన ఇల్లు, 1892లో పూర్తయింది. కోటీ పది లక్షల డాలర్ల ఖర్చులో 70 లక్షలు పాలరాయికే. భోజనాల గదిలో కంచు కుర్చీలు ఎంత బరువంటే, జరపడానికి వెనక ఒక నౌకరు ఉండాల్సిందే. ఆల్వా తన కూతురు కాన్సూయేలోను ఆమెకు ఇష్టం లేకుండానే 1895లో ఇంగ్లండ్ డ్యూక్‌కిచ్చి పెళ్లి చేసింది. అదే ఏడాది తాను భర్తకు విడాకులిచ్చింది. మళ్లీ పెళ్లాడి అదే వీధిలో ఇంకో మేడకు మారాక, బట్టలు ఉతికించడానికి మాత్రం ఈ ఇంటినే వాడేదట! తర్వాత ఇదే ఇంట్లో ఆడవాళ్ల ఓటు హక్కు కోసం సభలు పెట్టింది. కూతురి ఇష్టం అడగని మనిషేనా ఈమె అనుకుంటూ బయటికొచ్చాను.

ఇక ఎల్మ్స్. నన్నడిగితే ఒక్కటే చూసే టైముంటే ఇదే చూడండి, అదీ పనివాళ్లు బతికిన చోట్లు చూపించే టూర్‌లో. టికెట్ వేరే, ముందే బుక్ చేయాలి, దాదాపు 80 మెట్లు ఎక్కాలి. అమ్మను తోటలో కూర్చోబెట్టి నేనూ నాన్నా వెళ్లాం. తీగల పందిరి చాటున దాగిన పనివాళ్ల తలుపు నుంచి మొదలవుతుంది. వాళ్ల గదులు మూడో అంతస్తులో ఉన్నాయి కానీ, పిట్టగోడ అడ్డంగా ఉండటంతో కింద తోటలో నిలబడితే అసలు ఆ అంతస్తు ఉన్నట్టే తెలియదు. 1901లో ఇల్లు పూర్తయింది. మరుసటి ఏడాది పనివాళ్లు సెలవు దినాల కోసం సమ్మె చేస్తే, యజమాని ఎడ్వర్డ్ బెర్విండ్ వాళ్లందరినీ తీసేసి కొత్తవాళ్లను పెట్టుకున్నాడు.

బెర్విండ్ బొగ్గు గనుల ఆసామి. ఆ మాట గైడు చెప్పేసరికి నాన్న ముందుకొచ్చి నిలబడ్డాడు. కింద నేలమాళిగలో బాయిలర్లు, వాటికి బొగ్గు తెచ్చే సొరంగం. ఇంటి దగ్గర దుమ్మూ చప్పుడూ లేకుండా, పక్క వీధిలో దింపిన బొగ్గును పట్టాల మీద చిన్న బండిలో తోసుకొచ్చేవారు. నాన్న వంగి ఆ పట్టాలు చూసి, "మన టబ్బులే బిడ్డా" అన్నాడు. గనిలో పట్టాల మీద బొగ్గు మోసే బండ్లను అలాగే అంటారు. పెన్సిల్వేనియాలో బెర్విండ్ కంపెనీ కట్టిన ఊరి పేరు విండ్‌బర్. ఆయన పేరునే తిరగేసి పెట్టారు. 1922లో అక్కడ గని కార్మికులు సమ్మె చేస్తే కుటుంబాలను కంపెనీ ఇళ్లలోంచి ఖాళీ చేయించారు. ఇది నేను సాయంత్రం చదివి చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "క్వార్టర్ పోతదనే భయం బాయిల దిగే భయం కంటే పెద్దది" అన్నాడు. బాయి అంటే గని.

సముద్రం అంచున మూడున్నర మైళ్ల క్లిఫ్ వాక్ ఉచితం. రగల్స్ అవెన్యూ దాటాక బండరాళ్లే, పెద్దవాళ్లు అక్కడితో ఆగడం మంచిది. తిండికి మేం తీసుకెళ్లిన పులిహోర, పెరుగన్నమే దిక్కయ్యాయి. రేవు దగ్గర అన్నీ చేపలే. ఐసు నిమ్మరసం మాత్రం తాగి తీరాలి.

తిరిగొచ్చేటప్పుడు వంతెన దాటగానే నాన్న అడిగాడు, "ఆ విండ్‌బర్ మన ఇంటి నుంచి ఎంత దూరం?" నాలుగున్నర గంటలకు పైనే. వచ్చే నెలకు మోటెల్ చూస్తున్నాను, కింది అంతస్తులో.