టాస్క్ మేనేజర్‌లో 16 జీబీ చూపించి 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు అంటగట్టారు, జాగ్రత్త

గత నెలలో పలాస నుంచి రైలెక్కి విజయనగరం వెళ్ళి, ఒక షాపులో తమ్ముడి కోసం గేమింగ్ పీసీ అసెంబుల్ చేయించాను. జీడి పంట డబ్బులో నాన్న తీసి ఇచ్చింది అది. ఇంట్లో 4కే టీవీ ఉంది, దానికే పెట్టి ఆడతాడు కాబట్టి 16 జీబీ మెమొరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డే (ఆట బొమ్మలను తెర మీదకు గీసే భాగం) కావాలని ముందే చెప్పాను. ఇచ్చింది 8 జీబీది.

ఒకే పేరుతో రెండు రకాల కార్డులు ఉంటాయి. ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 4060 టీఐ 8 జీబీలోనూ వస్తుంది, 16 జీబీలోనూ వస్తుంది. 5060 టీఐ కూడా అంతే. అందుకే గట్టిగా అడిగాను. షాపతను విండోస్‌లో పీసీ వివరాలు చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి, "ఇదిగో బాబూ, జీపీయూ మెమొరీ పదహారు. ఇంకేటి డౌటు?" అన్నాడు. జీపీయూ అంటే గ్రాఫిక్స్ కార్డే. అక్కడ నిజంగానే 15.9 అని ఉంది. డబ్బు కట్టేశాను.

ఆ అంకె కార్డు ఒక్కదానిదే కాదు. విండోస్ అక్కడ కార్డు సొంత మెమొరీకి మామూలు ర్యామ్‌లో సగాన్ని కలిపి చూపిస్తుంది. మా పీసీలో ర్యామ్ 16. అందులో సగం 8, కార్డుది 8. చూడాల్సింది ఆ పక్కనే ఉండే 'డెడికేటెడ్ జీపీయూ మెమొరీ' అనే అంకె. ఆ రోజు నాకు ఈ తేడా తెలియదు.

ఇంటికొచ్చి 4కేలో, టెక్స్చర్లు (ఆటలో గోడలు, మొహాల లాంటివాటి మీద పరిచే బొమ్మలు) అన్నిటికన్నా పై నాణ్యత అల్ట్రాలో పెడితే మొదటి పది నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత గోడలు, మొహాలు మసకబారి, ఆట ఆగి ఆగి కదలడం మొదలైంది. కార్డు మెమొరీ నిండాక మిగిలింది ర్యామ్‌లోకి పోతుంది. ఉదాహరణకు 4060 టీఐలో సొంత మెమొరీ నుంచి సెకనుకు 288 జీబీ అందుతుంది, ర్యామ్ నుంచి, మదర్‌బోర్డులో కార్డు గుచ్చే స్లాట్ మీదుగా వచ్చేది 16 జీబీ లోపే. పాత మదర్‌బోర్డు అయితే అందులోనూ సగం. టెక్స్చర్లు మీడియానికి తగ్గిస్తే ఆట మళ్ళీ సాఫీగా నడిచింది. అంటే లోటు మెమొరీలోనే. షాపతనికి ఫోన్ చేస్తే "ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేసుకో, సరిపోతాది" అన్నాడు. అది ఆటలో మధ్యమధ్య అదనపు ఫ్రేములు తయారుచేసి చూపించే సెట్టింగు, ఆన్ చేస్తే ఇంకొంత మెమొరీ పడుతుంది!

1080పీలో, అంటే ఫుల్ హెచ్‌డీలో, ఆడేవాళ్ళకు 8 జీబీతో చాలా ఆటలు నడుస్తాయి, వాళ్ళు కంగారు పడక్కర్లేదు. 4కే ఆడేవాళ్ళు మాత్రం బిల్లు మీద కార్డు పేరు పక్కన ఎన్ని జీబీలో రాయించండి. నా బిల్లులో పేరు ఒక్కటే ఉంది, అందుకే మార్చనంటున్నాడు. కార్డు డబ్బా కూడా అడిగి తెచ్చుకోండి, దాని మీద జీబీ ఎంతో ఉంటుంది. మాకు "వారంటీకి మా దగ్గరే ఉంటాది" అని ఇవ్వలేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఈ మధ్య ఇలాగే అసెంబుల్ చేయించుకున్నవాళ్ళు ఉంటే, ఇవాళే ఆ డెడికేటెడ్ అంకె ఒకసారి చూసుకోండి.