అన్ని సబ్జెక్టుల్లో రైటింగ్ ట్రైనింగ్: కోచ్ సూపర్, రూబ్రిక్ దండగ (3.5/5)

మా స్కూల్ ఈ ఏడాది టీచర్లందరికీ, ఎవరి సబ్జెక్టులో వాళ్ళు పిల్లల చేత రాయించడం ఎలాగో నేర్పే రైటింగ్ ట్రైనింగ్ ప్యాకేజీ ఒకటి తీసుకుంది, తీసుకుందామా వద్దా అని చూస్తున్న వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. నేను చెప్పేది సైన్స్. ప్యాకేజీలో వర్క్‌షాప్, కోచ్ వచ్చి మన క్లాసులో కూర్చోవడం, రూబ్రిక్ (రాతలో దేనికి ఎన్ని మార్కులో చెప్పే షీట్), ఆన్‌లైన్ మెటీరియల్ బ్యాంక్ ఉంటాయి. కంపెనీ పేరు రాయట్లేదు.

వర్క్‌షాప్ సోసో. పొద్దున్నుంచీ స్లైడ్లే స్లైడ్లు. భాష నేర్పడం ప్రతి టీచర్ పనీ అని ఏదో కొత్తగా కనిపెట్టినట్టు చెప్పారు, కానీ 1975లోనే బ్రిటన్‌లో ప్రభుత్వం వేసిన బుల్లక్ కమిటీ అన్ని సబ్జెక్టులకీ కలిపి ప్రతి స్కూలుకీ ఒక భాషా పాలసీ ఉండాలని రాసేసింది. ఒక్క స్లైడ్ మాత్రం గుచ్చుకుంది, అదే ఏడాది జేమ్స్ బ్రిటన్ అనే పరిశోధకుడి టీమ్ పిల్లల రాతలు సుమారు 2000 చదివి చూస్తే దాదాపు సగం టీచర్ మార్కులేయడం కోసం రాసినవేనట. మా లాబ్ రికార్డులు తీసి చూడండి, సగం కాదు మొత్తం అదే.

కోచ్ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ఆవిడ వచ్చి లెక్చర్ ఇవ్వలేదు, రికార్డుల దొంతర ముందేసుకుని కూర్చుంది. మొలకల ప్రయోగం ఉంది కదా, ఒక కుండీ వెలుతుర్లో ఒకటి చీకట్లో, దానికి కంక్లూజన్ అందరూ ఒకటే రాశారు "వెలుతురు లేకపోతే మొక్క పెరగదు" అని. ఆవిడ పైనున్న టేబుల్ మీద వేలు పెట్టి చూపించింది, వాళ్ళు కొలిచి రాసుకున్న దాంట్లోనే చీకటి మొలకలు ఎక్కువ పొడుగు! పుస్తకంలో వాక్యం దింపేశారు అంతే, సొంత టేబుల్ ఎవడూ చూడలేదు. తర్వాత క్లాసులో మూడే ప్రశ్నలు పెట్టించింది, ఏమంటున్నావ్, నీ టేబుల్‌లో దానికి ఆధారమేంటి, ఆ ఆధారం నీ మాటని ఎలా నిలబెడుతుంది. పిల్లలు కొట్టుకుని కొట్టుకుని చివరికి పొడుగు సాగాయి గానీ పాలిపోయాయి, కాడలు సన్నగా ఉన్నాయి, వెలుతురు లేక పచ్చదనం తయారవ్వలేదు అని రాశారు. వాక్యాలు వంకరగానే ఉన్నాయి, కానీ వాళ్ళవి.

లెక్కల సార్ క్లాసులో ఇంకా బాగా కుదిరింది. ½ + ⅓ = ⅖ అని ఎవరో చేశారనుకో, అది ఎందుకు తప్పో క్లాసుకి రాని ఫ్రెండ్‌కి రాసి చెప్పు అన్నారు. ఒక పాప "అరకి ఇంకొంచెం కలిపితే అర కంటే తగ్గిపోయిందేంట్రా" అని రాసింది, దానికి మించిన ఆన్సర్ ఉందా చెప్పండి.

రాస్తే సబ్జెక్ట్ కూడా వస్తుందా అని అడిగేవాళ్ళకి, 2020లో సైన్స్, సోషల్, మ్యాథ్స్ మీద 56 ప్రయోగాలు కలిపి చేసిన విశ్లేషణలో లాభం ఉందనే వచ్చింది, మరీ పెద్దది కాదు గానీ ఉంది.

ఇక రూబ్రిక్. అన్ని సబ్జెక్టులకీ ఒకటే షీట్, అందులో "ఆకట్టుకునే ప్రారంభం"కి మార్కులు. లాబ్ రిపోర్ట్‌కి ఆకట్టుకునే ప్రారంభం ఏంటండీ బాబూ? లెక్కలో రుజువు వేరు, చరిత్రలో కారణం రాయడం వేరు, మేం చివరికి పక్కన పడేసి ఎవరి సబ్జెక్ట్‌కి వాళ్ళం ఓ పేజీ చేసుకున్నాం. మెటీరియల్ బ్యాంక్ కూడా వర్క్‌షీట్ల గోడౌన్, వెతకడానికే పీరియడ్ అయిపోతుంది.

దిద్దడం సంగతి స్కూల్ చూసుకోవాలి, ప్యాకేజీ చూసుకోదు. ప్రతిదీ ఎర్ర పెన్నుతో దిద్దక్కర్లేదు, కొన్ని చదివి వదిలేయొచ్చు అని కోచ్ ఎంత చెప్పినా, నోట్‌బుక్ చెకింగ్‌లో ఎర్ర టిక్కులు లెక్కపెట్టే పద్ధతి ఉన్నన్నాళ్ళూ ఏ టీచర్ ధైర్యం చేస్తాడు? మా దగ్గర వారానికో పీరియడ్ టీచర్లం కలిసి కూర్చోడానికి ఇచ్చారు కాబట్టి నడిచింది.

ఇప్పుడు మేనేజ్‌మెంట్ వచ్చే ఏడాదికి కోచ్‌ని తీసేసి ఆన్‌లైన్ బ్యాంక్ ఒక్కటే రెన్యూ చేద్దామంటోంది, చవకట. అలా అయితే నా రేటింగ్ 1.