అన్నీ గెలిచాక గుమ్మడికాయ: సూపర్ మారియో వరల్డ్‌లో ఆకురాలే కాలం

ముందే చెప్పేస్తున్నాను, ఇది సూపర్ మారియో వరల్డ్ అనే వీడియో గేమ్ మొత్తానికి రివ్యూ కాదు. ఆ ఆటలో అన్నిటికన్నా కష్టమైన ఎనిమిది లెవెల్స్ దాటినవాళ్ళకి దక్కే బహుమానానికి రివ్యూ. బహుమానం అంటే కొత్త లెవెల్ కాదు, కొత్త శక్తి కాదు, అదనపు ప్రాణాలూ కాదు. మ్యాపులో చెట్టూ చేమా పండిపోతాయి. శత్రువులు వేషాలు మారుస్తారు. అంతే. దీని కోసం నేను జూలై నెలంతా ధారపోశాను.

మేం ఉండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. మా వాడికి తొమ్మిదేళ్ళు. వేసవి సెలవుల్లో వాడి చేతిలోంచి ట్యాబ్ లాగేయడానికి మా ఆయన టీవీకి తగిలించి ఆడుకునే ఒక పాత సూపర్ నింటెండో గేమ్ పెట్టె కొనుక్కొచ్చారు. ట్యాబ్ మాన్పించడానికి టీవీ అంటగట్టడం ఏం తెలివో నాకు అర్థం కాలేదు. చివరికి ఎక్కువ ఆడింది నేనే కాబట్టి ఇప్పుడు ఆ మాట అనే హక్కు కూడా పోయింది.

నాకు తెలిసిన మారియో కాకినాడ మారియో. మా మావయ్య వాళ్ళింట్లో టీవీ గేమ్ ఉండేది. పసుపు రంగు క్యాసెట్, దాని మీద వేల ఆటలున్నట్టు అచ్చు, లోపల చూస్తే తిప్పి తిప్పి పది పన్నెండే. ఆడకపోతే క్యాసెట్ తీసి నోటితో ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. అందులో ఉన్నది మొట్టమొదటి మారియో. ఆ తర్వాత అతని బతుకు ఏమైందో, యోషి అనే డైనోసార్ ఎప్పుడు చేరిందో నాకు తెలీదు. సూపర్ మారియో వరల్డ్ జపాన్‌లో 1990 నవంబరులో, అమెరికాలో 1991లో వచ్చిందట. అంటే మేం పసుపు క్యాసెట్ ఊదుకుంటున్న రోజులకే ఇక్కడి పిల్లలు యోషి ఎక్కి తిరిగేస్తున్నారన్నమాట.

ఆ ఎనిమిది లెవెల్స్ ఉన్న చోటు పేరు స్పెషల్ జోన్. నేరుగా వెళ్ళలేం. ముందు స్టార్ వరల్డ్ అని నక్షత్రం ఆకారంలో అయిదు లెవెల్స్ ఉంటాయి. ఒక్కోదాంట్లో ఎక్కడో దాచిన తాళంచెవి వెతికి తాళం కన్నం దగ్గరికి మోసుకెళ్ళాలి. అయిదోదాంట్లో అది దొరికితేనే స్పెషల్ జోన్ దారి తెరుచుకుంటుంది. అసలు విలన్ బౌజర్‌ని ఓడించకపోయినా ఫరవాలేదు, అతని కోట గుమ్మం తొక్కకుండానే ఇక్కడికి రావచ్చు.

లెవెల్స్ పేర్లు నార్లీ, ట్యూబ్యులర్, వే కూల్, ఆసమ్, గ్రూవీ, మోండో, ఔట్రేజియస్, ఫంకీ. కాలిఫోర్నియాలో అలల మీద పలకలేసుకుని తేలే కుర్రాళ్ళ యాస ఇది. పేర్లు చూసి సరదా అనుకునేరు. రెండోది, ట్యూబ్యులర్, మా ఇంట్లో రెండు వారాలు కాపురం పెట్టింది. దాంట్లో కింద నేల దాదాపు ఉండదు. పీ అని రాసి ఉన్న బెలూన్ తీసుకుంటే మారియో పూరీలా ఉబ్బి గాల్లో తేలతాడు. ఆ పూరీ చప్పబడేలోగా ఇంకో బెలూన్ అందుకోవాలి. మధ్యలో హెల్మెట్లు పెట్టుకున్న చార్జిన్ చక్‌లు ఒకడు ఫుట్‌బాల్ తంతాడు, ఇంకొకడు బేస్‌బాల్ విసురుతాడు. మా వాడు మూడో రోజు కంట్రోలర్ నా ఒళ్ళో పడేసి, "అమ్మా, ఇది నువ్వు చేసెయ్, తర్వాతది నేను చేస్తా" అన్నాడు. హోంవర్కు విషయంలో కూడా వాడిది ఇదే పద్ధతి. 41 ప్రాణాలు పోయాయి. ఫ్రిజ్ మీద కాగితం అంటించి గీతలు గీసి మరీ లెక్కపెట్టాడు.

ఈ ఆటలో ఎప్పుడు పడితే అప్పుడు సేవ్ చేసుకోవడం కుదరదు. కోట, దెయ్యాల ఇల్లు లాంటివి ముగిస్తేనే సేవ్ చేయాలా అని అడుగుతుంది. అందుకని ఒక గట్టి లెవెల్ దాటగానే డోనట్ ఘోస్ట్ హౌస్‌కి వెనక్కి పరిగెత్తడం, పాత దెయ్యాల్ని మళ్ళీ పలకరించి సేవ్ చేసుకోవడం, పక్కనే ఉన్న టాప్ సీక్రెట్ ఏరియాలో ఎగరడానికి పనికొచ్చే ఈక తీసుకుని తిరిగి బయల్దేరడం. పెళ్ళికి వెళ్తూ గ్యాస్ కట్టేశామా లేదా అని వీధి చివరనుంచి వెనక్కి వచ్చినట్టుండేది.

ఒక సాయంత్రం మ్యాపు అలాగే వదిలేసి పప్పు కుక్కర్ దించడానికి వంటింట్లోకి వెళ్ళాను. స్పెషల్ జోన్ మ్యాపులో ఒక సంగీతం మోగుతూ ఉంటుంది, ఆ చోటికి తగ్గట్టే వింతగా. కాసేపటికి అది ఎక్కడో తెలిసిన మలుపు తిరిగింది. కాకినాడ మారియో పాట! ఈ ఆటలకి సంగీతం కట్టిన కోజి కొండో తన పాత బాణీనే కొత్త తాళంలో పెట్టి, ఆ మ్యాపులో కదలకుండా ఒకటి రెండు నిమిషాలు కూర్చున్నవాళ్ళకి మాత్రమే వినపడేలా దాచాడు. చేతిలో గరిటెతో టీవీ ముందు నిలబడిపోయాను. మా ఆయన "పప్పు మాడుతోంది" అనేదాకా.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పేది లేదు. ఆసమ్‌లో మంచు మీద జారతారు, మోండోలో నీళ్ళు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఫంకీలో 200 సెకన్లే ఇస్తారు, యోషి ఆకుపచ్చ పండు తింటే ఇంకో 20 కలుస్తాయి. చివర్లో నాణేలతో అక్షరాలు పేర్చి ఉంటాయి: యు ఆర్ ఎ సూపర్ ప్లేయర్. నలభై దాటాక నన్ను ఎవరూ సూపర్ అనలేదు. ఆ నాణేలు తీసుకుంటే అక్షరాలు చెరిగిపోతాయని మా వాడు వాటి మీదనుంచి దూకుతూ వెళ్ళాడు.

తర్వాత నక్షత్రం మీద నిలబడి బటన్ నొక్కితే యోషి ఇంటి దగ్గర దిగుతాం. ఆట మొదలైన చోటే. ఒక్క మాట చెప్పదు, చప్పట్లు లేవు, ప్రకటన లేదు. అప్పటిదాకా లేత పచ్చగా ఉన్న దీవి మాత్రం మాగిన ఆకు రంగులో ఉంది. మా వాడు ముందు టీవీ పాడైందనుకున్నాడు, వెళ్ళి వైరు కదిపాడు.

లెవెల్లోకి వెళ్తే అసలు తమాషా. గొట్టాల్లోంచి ఎగిరే పిరాన్హా మొక్కల తలలు గుమ్మడికాయలయ్యాయి. దూసుకొచ్చే తూటాలు, అదే బుల్లెట్ బిల్లులు, నల్ల పిట్టలయ్యాయి. తాబేళ్ళలాంటి కూపాలు డిప్పకి బదులు మారియో మొహం తగిలించుకుని నడుస్తున్నాయి, మీసాలతో సహా. మీద దూకితే లోపలి కూపా బయటపడుతుంది, మొహం నేల మీద మిగులుతుంది. ఇక మన మొహాన్ని మనమే తన్నుకోవాలి. మా వాడికి ఇది తెగ నచ్చింది. నాకు రెండు రోజులు కాస్త ఇబ్బందిగానే అనిపించింది.

గుమ్మడికాయల సంగతి మాత్రం నాకు మొదటి చూపులోనే నచ్చింది. మన సినిమావాళ్ళు షూటింగ్ మొదలుపెట్టేటప్పుడు కొబ్బరికాయ, ముగిశాక గుమ్మడికాయ కొడతారు కదా. ఈ ఆటకి దర్శకుడు తకాషి తెజుకా, నిర్మాత షిగేరు మియామోతో. వాళ్ళ మనసులో మన గుమ్మడికాయ లేదని నాకూ తెలుసు, అది ఇక్కడ అక్టోబరులో ప్రతి గడప ముందూ కూర్చునే నారింజరంగు కాయే. అయినా ఆట పూర్తిచేసినవాళ్ళకి గుమ్మడికాయలు ఎదురుపెట్టడంలో ఒక లెక్క కుదిరింది.

ఆ రాత్రి మా నాన్నగారికి ఫోన్ చేసినప్పుడు మా వాడు "తాతయ్యా, ఫాల్‌ని తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. ఆయన నెల అడిగి, శరదృతువు అన్నారు. వీడు ఆకులన్నీ రాలిపోవడం గురించి చెప్పేసరికి, "శరత్తులో ఆకులు రాలడమేంట్రా, వెన్నెల కాయాలి గానీ! ఆకులు రాలేది శిశిరం. మాఘం, ఫాల్గుణం" అని దిద్దారు. ఇక్కడ నెలలు చూస్తే శరత్తు, చెట్లు చూస్తే శిశిరం. చివరికి ఇద్దరూ ఆకురాలే కాలం అని రాజీపడ్డారు.

ఇక లోపాలు. ఒకటి, రంగు మారేది మ్యాపులోనే. లెవెల్ లోపల గడ్డి ఎప్పటిలాగే పచ్చగా ఉంటుంది, శత్రువులు మాత్రమే మారతారు. బయటినుంచి చూస్తే పండుటాకు, లోపల నిగనిగలాడే పచ్చిక. పని సగంలో ఆపేసినట్టుంది. రెండు, ఒకసారి ఆకులు పండితే ఆ ఫైల్లో మళ్ళీ చిగురించవు. మూడు ఫైళ్ళున్నాయి గానీ, ఒకదాన్ని ఇంకోదాంట్లోకి కాపీ చేసుకునే వీలు లేదు. "ఆకులు మళ్ళీ ఎప్పుడొస్తాయి?" అని మా వాడు వారం పాటు అడిగాడు. రావు అని చెప్తే నమ్మలేదు. బౌజర్‌ని మూడుసార్లు ఓడించి చూశాడు.

వచ్చాయి. ఆగస్టు చివర్లో ఒక శనివారం పొద్దున్న టీవీ పెడితే మారియో ఎ, బి, సి, మూడూ ఎంప్టీ. ఈ క్యాసెట్లలో సేవ్ చేసినవన్నీ లోపలున్న సీఆర్2032 అనే గుండ్రటి బ్యాటరీ బిళ్ళ నిలబెడుతుంది, కారు తాళాల్లో వేసేదే. అది చచ్చిపోతే అన్నీ పోతాయి. మేం క్యాసెట్ కొన్న పాత ఆటల కొట్టతను కొత్త బ్యాటరీ వేశామని చెప్పే 30 డాలర్లు తీసుకున్నాడు. 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ తెప్పించి విప్పి చూస్తే, లోపలున్నది ఎన్నేళ్ళదో, అంచులు తుప్పు పట్టి ఉంది. నేను తిట్టుకుంటూ ఉంటే మా వాడు కొత్త ఫైలు తెరిచి అరిచాడు: "అమ్మా, ఆకులు వచ్చేశాయి!"

నా 41 ప్రాణాలు, రెండు వారాల ట్యూబ్యులర్. వాడికి మాత్రం అది చిగురు వేయడం.

కొనాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. పాత క్యాసెట్ కొంటే కొట్లోనే విప్పి బ్యాటరీ చూపించమనండి, మొహమాటపడకండి. ఇంత తంటా వద్దనుకుంటే నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లో ఈ ఆట 2019 నుంచి ఉంది. ఫంకీ మొదలుపెట్టే ముందు ఒక సస్పెండ్ పాయింట్ (ఆటని ఉన్నచోటే దాచుకునే సేవ్) పెట్టుకుంటే పచ్చటి మ్యాపునీ దాచుకోవచ్చు. వెనక్కి తిప్పుకునే సౌకర్యం కూడా ఉంది గానీ, ట్యూబ్యులర్‌ని అలా దాటితే నాణేలు సూపర్ ప్లేయర్ అన్నప్పుడు టీవీ వైపు చూడలేం. గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో వచ్చిన సూపర్ మారియో అడ్వాన్స్ 2 కొనేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: దాంట్లో స్పెషల్ జోన్ చాలదు, లెవెల్స్‌లోంచి బయటపడే మొత్తం 96 దారులూ కనిపెడితేనే ఆకులు పండుతాయి. నాకైతే అంత ఓపిక లేదు.

మా ఆయన సోల్డరింగ్ చేసి కొత్త బిళ్ళ అతికించారు. వేలు కూడా కాల్చుకున్నారు. సెప్టెంబరులో నేను మళ్ళీ మొదటినుంచి ఆడాను, ఈసారి ట్యూబ్యులర్ 11 ప్రాణాలతో వదిలింది. ఫంకీ ముగిసేసరికి మా వెనకింటి మేపుల్ చెట్టు కూడా ఎర్రబడింది. ఎ ఫైలు నాది, అందులో గుమ్మడికాయలు. బి ఫైలు మా వాడిది, ఔట్రేజియస్ దాకా వచ్చి ఆగాడు. ఫంకీ ముట్టుకోనంటున్నాడు.